బెల్లం ముక్క

“ఈ గోలీలు మింగితే నా బిడ్డ సచ్చిపోతదేమో!”

పర్ణశాలలో ఎర్రబస్సు దిగిన దగ్గర్నుంచి చిన్నక్కది ఇదే పాట. కూతురు రామికి జ్వరమే లేదు. భద్రాచలం దవాఖానాలో డాక్టరు ఇచ్చినవేమో మలేరియా గోలీలు.

రామికి తొమ్మిదేళ్లు. కూర్చున్నది గబుక్కున లేస్తే కాళ్లు కొయ్యబారి దబ్బున పడిపోతుంది. తునికాకు కట్ట పట్టుకుంటే గుప్పిట ఒక పట్టాన విడదు.

“కండరాల జబ్బమ్మా. వంశంలో వస్తుంది. దీనికంటూ వేరే మందు ఇక్కడ దొరకదు. ఈ మలేరియా మందే ఆ బిగువు సడలిస్తుంది. బాగా చేదు. చెవుల్లో కాస్త హోరు పెట్టొచ్చు. మీ ఇళ్లల్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?” అని అడిగాడు డాక్టరు.

“మా దిక్కు లేదు సారూ. ఈయనకున్న రోగమల్లా బద్ధకమే” అంది చిన్నక్క.

మొగుడు పగిడయ్య కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చి పొట్లాన్ని చూరులో చెక్కింది. బిడ్డకు వెయ్యడానికి భయం. పారెయ్యడానికి చెయ్యి రాదు.

“జ్వరానికీ అవే, కాళ్లకూ అవే! ఏంది ఈ వైద్యం?”

కోపమంతా మొగుడి మీదే. బిడ్డ కళ్లముందు పడ్డా మంచం మీంచి దిగడు. ఎత్తేది ఎప్పుడూ ఇరుగుపొరుగే. ఈ వారం రోజులుగా కొత్త వేషాలు కూడా. పొద్దున్నే బెల్లం ముక్క కావాలట. పిలిస్తే “ఆఁ? ఏందీ?” అంటాడు.

“బిడ్డ గిట్లుంటే నీ నాలిక తీపి అడుగుతున్నదా?”

పగిడయ్య ముక్క బుగ్గన పెట్టుకుని మళ్లీ మంచం ఎక్కుతాడు.

ఒక మధ్యాహ్నం పక్కింటి ఎద్దు పలుపు తెంపుకొని వాకిట్లోకి దూసుకొచ్చింది. ఆకు కట్టలు కడుతున్న రామి లేవబోయి, బిగుసుకుపోయి, సరిగ్గా దాని దారిలోనే పడింది. నీళ్లు తెస్తున్న చిన్నక్క బిందె వదిలేసి కేక పెట్టింది.

ఆమె చేరేలోపే పగిడయ్య మంచం మీంచి ఒక్క ఉరుకున వెళ్లి బిడ్డను ఎత్తుకున్నాడు.

“ఇన్నేండ్లకు కదిలినవా! ఎద్దు మీదికొస్తే గాని నీ ఒళ్లు వంగదా?” తిట్టింది చిన్నక్క.

ఇక మందు వెయ్యాల్సిందే అనుకుంది. చూరులోంచి పొట్లం తీసింది. సగానికి సగం ఖాళీ.

“ఎవరు తీసిండ్రు? నువ్వు మింగినవా రామీ?”

రామి తల అడ్డంగా ఊపింది. చిన్నక్క మొగుడి వైపు తిరిగింది. పగిడయ్య బిడ్డను దింపలేదు.

“ఆనాడు డాక్టరు సారు అడిగినప్పుడు నోరు రాలేదే... చిన్నప్పటి సంది నా కాళ్లూ గిట్లనే బిగుస్తయి, బిడ్డకు వేసేముందు నేనే మింగి చూసిన.”