పాట్నావాలా రాజు భయ్యా

"భయ్యా, కారం ఎక్కువెయ్యి," అంది కాలేజీ అమ్మాయి.

"అచ్ఛా దీదీ. థోడా ఠైరో," అన్నాడు జయకర్, పూరీకి బొటనవేలితో చిల్లు పొడుస్తూ.

అతనికి వచ్చిన హిందీ ఇంచుమించు అక్కడితో సరి. మిగతా వ్యాపారమంతా తెలుగునే వంకర తిప్పి నడిపిస్తాడు. "నీకీ ఉల్లిపాయ్ కావాల్?" అంటే చాలు, పాపం ఎక్కడి నుంచో వచ్చి మన భాష ఎంత ముద్దుగా మాట్లాడుతున్నాడో అని నరసరావుపేట జనం మురిసిపోతారు. ఉర్దూ మాట్లాడే ఫరీద్ భాయ్ లాంటివాళ్ళు పలకరిస్తే మాత్రం వినపడనట్టు తలొంచుకుని ఉల్లిపాయలు తరుగుతాడు.

జయకర్ పుట్టింది క్రోసూరులో. పాట్నా ఏ దిక్కున ఉందో కూడా అతనికి తెలియదు. నిరుడు ఇదే బండిని ఊరికి ఆ చివర నిలిపి, దాని మీద "జయకర్ పానీపూరీ, క్రోసూరు" అని బోర్డు పెట్టుకుంటే ఈగలు కూడా మొహమాటానికే వాలాయి. "మనోడు చేస్తే ఏముంటదిలే," అంటూ జనం దాటుకుపోయేవారు. విసుగెత్తి ఈ చివరకొచ్చి, బోర్డు మార్చి "పాట్నావాలా రాజు భయ్యా" అని రాయించాడు. అదే చింతపండు, అదే పుదీనా, అదే బొటనవేలు. జనం వరస కట్టారు. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అన్నారా!

ఈ గుట్టు తెలిసింది ఇద్దరికే. ఒకరు భార్య వందన. రెండోవాడు పక్క బండి కోటయ్య.

కోటయ్యది మిరపకాయ బజ్జీల బండి. "గురజాల కోటయ్య బజ్జీ" అంటే పేటలో తెలియనివాళ్ళు లేరు. బజ్జీ ఎంత ఘాటో ఆయన నోరు అంతకు రెండింతలు. ఎవరైనా "గురజాలలో మీరెవరి తాలూకు?" అని అడిగారో, "బజ్జీ తింటానికొచ్చావా, పిల్లనివ్వటానికొచ్చావా?" అని ఇంతెత్తున లేచేవాడు. తిట్టు తిన్నవాడు కూడా "పల్నాడు పౌరుషమంటే ఇదీ!" అని మెచ్చుకుని ఇంకో ప్లేటు తినిపోయేవాడు.

"ఏరా, బతకటానికి ఉండే ఊరు మార్చుకుంటారు గానీ, పుట్టిన ఊరు మార్చుకుంటారంట్రా?" అని జయకర్‌ని రోజూ ఏడిపించేవాడు.

"ఏం చెయ్యమంటావ్ బాబాయ్? మనోళ్ళకి మనోడి చెయ్యి రుచించదు."

"మరి నా బజ్జీలు ఎందుకు తింటన్నారు? అసలే ఊరుగాని ఊరోళ్ళంతా వచ్చి మీద పడ్డారు. చాల్లేదని దొంగోడివి నువ్వొకడివి!"

ఇంతలో మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి, రోడ్డు వెడల్పు చేస్తున్నామని, నెలాఖరుకు బండ్లన్నీ తీసెయ్యాలని చెప్పి వెళ్ళారు. జయకర్ కూతుర్ని మొన్ననే ఇక్కడ బడిలో వేశారు. మళ్ళీ క్రోసూరు పోయి మిరపకోతల్లో నడుం వంచాలంటే అతనికి ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే ప్రశాంతి కారు దిగింది. బైపాస్‌లో కొత్త ఫంక్షన్ హాలు ఆవిడదే. పెళ్ళిళ్ళకు శాశ్వతంగా రెండు కౌంటర్లు పెట్టాలని చూస్తోంది. బజ్జీల కౌంటరుకు కోటయ్య తిట్టు ఒక్కటి వినగానే ఖాయం చేసేసింది. జయకర్ దగ్గర రెండు పూరీలు తిని పెదవి విరిచింది.

"రుచి బానే ఉంది. కానీ నాకు అసలు సిసలు భయ్యా కావాల. పోయిన పెళ్ళిలో ఒకణ్ణి పెడితే, ఎవరో కాలు తొక్కగానే 'ఓరి నాయనో' అన్నాడు. ఆ వీడియో ఊరంతా తిరిగి నా పరువు పోయింది. మా హాల్లో మార్బుల్ వేసే మేస్త్రీది పాట్నానే. రేపు తీసుకొస్తా. ఆయన మాట్లాడి సరేనంటే నీకు ఖాయం."

"హా దీదీ," అన్నాడు జయకర్.

కారు కదలగానే జయకర్ పోయి కోటయ్య బండి దగ్గర కూలబడ్డాడు.

"అయిపోయింది బాబాయ్. నా బిడ్డ బడి పోద్ది."

"ఏడవబాకు. వేషం కట్టినోడు నడిమధ్యలో మీసం తడుముకోకూడదు. నోరు మూసుకుని నిలబడు, అంతే."

ఈసారి తిట్టు లేదు. జయకర్‌కు అది చూసి మరీ భయమేసింది.

మర్నాడు సాయంత్రం మేస్త్రీ రానే వచ్చాడు. బోర్డు చూసి, నవ్వు మొహంతో గుక్క తిప్పుకోకుండా హిందీలో ఏదో అడిగాడు.

"అచ్ఛా," అన్నాడు జయకర్.

మేస్త్రీ ఇంకేదో అడిగాడు.

"అచ్ఛా, అచ్ఛా."

మేస్త్రీ కనుబొమలు ముడిపడ్డాయి. ప్రశాంతి చేతులు కట్టుకుంది. జయకర్ చేతిలోని గరిటె జారి పానీలో మునిగిపోయింది.

"ఓ మేస్త్రీ! ముందు ఒక బజ్జీ తిను. ఆ ఎంక్వయిరీ తర్వాత చేద్దువుగాని," అంటూ కోటయ్య అతని రెక్క పట్టుకుని బండి వెనక్కి లాక్కుపోయాడు.

అక్కడ గుసగుసగా హిందీలో ఏదో చెప్పాడు. మేస్త్రీ నోటి దాకా వెళ్ళిన బజ్జీ అక్కడే ఆగింది. తర్వాత ఇద్దరూ భుజాలు చరుచుకుని నవ్వుకున్నారు. మేస్త్రీ కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చి, జయకర్‌ని ఎగాదిగా చూశాడు.

"మేడమ్, ఈడు మా ఊరోడే. పక్కా!"

ప్రశాంతి మొహం విచ్చుకుంది. "ఇంకేం! ఒక పక్క అచ్చమైన పాట్నా, ఒక పక్క అచ్చమైన పల్నాడు. ఒకటో తారీకు నుంచి ఇద్దరూ వచ్చేయండి," అని చెప్పి మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

జయకర్ పరుగున వచ్చి కోటయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"నా బిడ్డను నిలబెట్టావు బాబాయ్! అయినా నీకు అంత హిందీ ఎట్టా వచ్చు? లారీల మీద తిరిగావా? ఎప్పుడు నేర్చుకున్నావ్?"

కోటయ్య చుట్టూ ఒకసారి చూసి, మూకుడులో బజ్జీలు తిరగేస్తూ గొంతు తగ్గించాడు.

"నేను నేర్చుకుంది తెలుగురా."