ఒక్క పాట వరకే

"మళ్లీ తెరిచాడండీ!"

ఆఖరి వరుసలోంచి ఎవరో అన్న మాట చర్చి వేదిక దాకా వినపడింది.

పాట ఎత్తుకోబోతున్న సంఘ పెద్ద మైకు చేత్తో పట్టుకునే అటు చూశాడు. గోడ పక్క కుర్చీలో ఆ మనిషి, పక్కన బార్లా తెరిచిన కిటికీ.

సంఘ పెద్దకి ఒళ్లు మండింది.

ఇల్లిల్లూ కాళ్లరిగేలా తిరిగి పెట్టించిన ఏసీలు మరి! దేవుడికి ఉక్కపోయదు గానీ, ఆయన బిడ్డలకి పోస్తుంది కదా. చల్లదనం పోకుండా కిటికీలన్నీ మూయించి, టేపు కూడా వేయించాడు. ఆ ఒక్క కిటికీ టేపు మాత్రం వారం వారం ఊడుతోంది.

ఆ మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. పాటల పుస్తకం ముట్టుకోడు. పాడడు. మోకరించడు. మొదటి పాట అయిపోగానే కిటికీ మూసి వెళ్లిపోతాడు.

"కానుకల సంచి కదిలేలోపే జారుకుంటాడు, గడుసువాడు" అని ఆడవాళ్లు నవ్వుకునేవారు. 'కిటికీ బాబాయ్' అని పేరు కూడా పెట్టేశారు.

ఇక సంఘ పెద్ద గొంతంటారా, అది ఆ దేవుడిచ్చిన వరమే. పెళ్లిలోనైనా, సమాధి దగ్గరైనా, ఆసుపత్రిలో రోగి మంచం పక్కనైనా, పిలిస్తే చాలు, తింటున్న కంచం వదిలేసి వెళ్లి పాడేవాడు. ఇంట గెలవకపోయినా రచ్చ గెలిచిన గొంతు.

ఇంట్లో తల్లి మంచాన పడి ఉంది, చూసుకోవడానికి ఒక ఆయమ్మని పెట్టాడు. చర్చి వెనక సందులోనే ఇల్లు.

ఆ ఉదయం కూడా ఆవిడ అడిగింది.

"నాన్నా, ఒక్క పాట పాడి వెళ్లరా."

"ఆరాధనకి టైమైపోయిందమ్మా. ఫోన్లో పాటలు ఎక్కించాగా? ఆయమ్మని పెట్టమను."

"అందులో ఎవరెవరో పాడతారురా."

"ఎవరు పాడితే ఏంటమ్మా, అంతా దేవుడి పాటేగా!"

ఆయన బైబిలు చంకలో పెట్టుకుని బయటపడ్డాడు.

ఇప్పుడు మైకు పక్కవాళ్లకిచ్చి, వేదిక దిగి, విసవిసా ఆఖరి వరుసకి వచ్చాడు.

"ఏమయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు? చల్లగాలంతా సందు పాలవుతోంది!"

"ఒక్క పాట వరకేనండీ. అవగానే నేనే మూసేస్తాను."

"ఏసీ పడకపోతే బయట కూర్చో."

"నా కోసం కాదండీ..."

"మరెవరి కోసం? దేవుడు ఆ కిటికీలోంచి వస్తాడా?"

వరుసంతా గొల్లుమంది.

ఆ మనిషి ఏదో చెప్పబోయి ఆగాడు. "చెప్పనని మాటిచ్చానండీ" అన్నాడు.

"దేవుడి మందిరంలో కథలు చెప్పకు. ఇక్కడికి ఆరాధించడానికి రావాలి, గాలికి కాదు. లే!"

రెక్క పట్టుకుని గుమ్మం దాకా నడిపించాడు. అందరూ తల తిప్పి చూశారు, ఒక్కరూ అడ్డు చెప్పలేదు.

గుమ్మంలో ఆ మనిషి చేతులు జోడించాడు. "కోపం తెచ్చుకోకండయ్యా. ఇవాళ కాస్త గట్టిగా పాడండి."

పిచ్చివాడు అనుకున్నాడు సంఘ పెద్ద. అప్పటికప్పుడు కిటికీకి మేకు కొట్టించాడు.

ఆనాటి అంశం కృతజ్ఞత. ఆయన కళ్లు మూసుకుని పాడుతుంటే చల్లని ఆ గదిలో అందరి కళ్లూ తడిశాయి.

తల్లి మరో ఆదివారం దాకా ఆగలేదు.

శవపేటికని చర్చిలో, ఏసీ కింద ఉంచారు. "తల్లి మనసెరిగిన కొడుకు" అన్నారు పాస్టర్ గారు. సంఘ పెద్ద పేటిక పక్కన నిలబడి గొంతెత్తి పాడాడు. ఆవిడ అడిగిన పాట, పాపం, ఆవిడకి అప్పుడు దక్కింది.

అందరూ ఏడ్చారు, ఆఖరి వరుసలో మేకు కొట్టిన కిటికీ పక్కన కూర్చున్న ఆయమ్మ తప్ప.

సంఘ పెద్ద ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మని కన్నబిడ్డలా చూసుకున్నావు తల్లీ. ఆఖర్లో ఏమైనా అడిగిందా?"

"మీ పాటేనండీ."

"ఫోన్లో పెట్టకపోయావా?"

"మీ గొంతే కావాలనేవారు. ఇదివరకు ఈ కిటికీలోంచి వినపడేది కదండీ. ఆదివారం పొద్దున్నే తల దువ్వించుకుని, మంచం ఇటువైపు జరిపించుకునేవారు. 'మావాడు ఎత్తుకున్నాడు' అని ఎంత మురిసిపోయేవారో! ఏసీలొచ్చాక వినపడ్డం ఆగిపోయింది."

"నాతో... ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పనివ్వలేదండీ. 'ఎంతో కష్టపడి పెట్టించుకున్నాడు, వింటే చిన్నబుచ్చుకుంటాడు' అన్నారు. మా అందరి దగ్గరా మాట తీసుకున్నారు."

ఆయమ్మ కిటికీకి కొట్టిన మేకు వైపు చూసింది. "పోయిన ఆదివారం చాలాసేపు ఎదురుచూశారండీ. 'ఇవాళ మావాడికి గొంతు బాగాలేదేమో, వేడినీళ్లు తాగమని చెప్పు' అన్నారు."

సంఘ పెద్ద తల తిప్పుకున్నాడు. తెరిచిన తలుపులోంచి గేటు కనపడుతోంది. గేటు అవతల, లోపలికి అడుగు పెట్టకుండా, ఎండలో నిలబడి ఉన్నాడు కిటికీ బాబాయ్.

"ఆయన... ఎవరు?"

"మా ఆయనండీ, మీ ప్రార్థనల మనిషి కూడా కాదు, మంచం జరపడానికి పిలిచినప్పుడు పెద్దావిడ చెయ్యి పట్టుకుని అడిగితే కాదనలేక, వారం వారం ఆ కిటికీ తియ్యడానికే మీ చర్చికి వచ్చేవారు."