కాళ్లు కడిగే తొట్టి

ఆ రేవులో సముద్రం దగ్గర నుంచి వచ్చే ప్రతి మనిషీ గేటు పక్కన తొట్టిలో కాళ్లు కడుక్కుని, కొంగు దులుపుకునే ఇంటికి వెళ్లాలి. అక్కడి నల్ల ఇసుక దేశం సొత్తు, రేణువు కూడా బయటికి పోకూడదు. ఏడేళ్ల అలవాటు కాబట్టి పసిపిల్లలు కూడా ఎవరూ చెప్పకుండానే దులుపుకుంటారు.

మొన్న వచ్చిన పరదేశపు ప్రధానికి శ్మశానంతో సహా ఆ తీరమంతా కానుకగా ఇచ్చారు. బదులుగా వాళ్లు మన రొయ్యల మీద సుంకం ఎత్తేశారు. ఊరంతా మిఠాయిలు పంచుకుంది. రేపు శ్మశానంలోకి ఇసుక తవ్వే యంత్రాలు వస్తాయి.

కోర్లమ్మ పెనిమిటిని పాతిపెట్టింది అక్కడే. పొద్దున్నే ఆమె ఉప్పు సీసా ఖాళీ చేసి ఇంట్లో పెట్టి, అక్కడికి వెళ్లింది. గుప్పెడు ఇసుక కొంగున ముడేసుకుని గేటు దగ్గరికి వచ్చింది. కాపలా ఉన్న సింహాద్రి ఆమె వీధివాడే.

"ఏటి పిన్నీ, కొంగు బరువుగున్నాది. రొయ్యలేటి?"

"మీ సిన్నాన్న."

సింహాద్రి కొంగు మీంచి చూపు తిప్పుకున్నాడు.

"నాను సముద్రం కాసి సూత్తన్నాను. బేగెల్లిపో," అని సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

కోర్లమ్మ కాళ్లు కడుక్కుని గేటు దాటింది. ఇంటికి వచ్చి, సీసా మూత తీసి, కొంగు చేతిలోకి తీసుకుంది. ముడి లేదు. తొట్టి దగ్గర చేతులు వాటంతట అవే ముడి విప్పి దులిపేశాయి.

కొంగు వదిలేసింది. తర్వాత సీసాలో మళ్లీ ఉప్పు పోసి, పొయ్యి వెలిగించింది.