నక్క వీపు ఎక్కడ?

"వంతెన పక్కనే అని చెప్పాను కదమ్మా," అన్నారు ఒగుషి మాస్టారు.

"అది మొన్న చెప్పారు. నిన్నేమో కొండచరియ విరిగి కొట్టుకుపోయిందన్నారు. అసలు వంతెన పక్కన కొండే లేదు మాస్టారూ," అంది చిజుకో.

డెబ్బై ఆరేళ్ల మాస్టారు కిటికీలోంచి ఎర్రబారుతున్న ఆకులను అతి శ్రద్ధగా చూడసాగారు.

ఒకాయామా కొండల్లోని ఆ పరిశోధనాలయంలో చిజుకో పని ఒక్కటే. రాళ్ల మీద, మట్టి మీద, భూకంపాల మీద వచ్చిన పాత వ్యాసాలు చదవాలి. వాటిలోని ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు ఏరి, ఒక్కోదానికీ పటం మీద చుక్క పెట్టాలి. ఆ తర్వాత ఎవరైనా కంప్యూటర్లో తమ ఊరి మీద నొక్కితే చాలు, ఆ నేల గురించి ఎవరేం రాశారో బయటికొస్తుంది.

రెండేళ్లలో నాలుగు వేల వ్యాసాలకు చుక్కలు పడ్డాయి. మిగిలింది ఒక్కటే, మాస్టారికి పేరు తెచ్చిన గ్రానైట్ వ్యాసం. చదువుకునే రోజుల్లో అది చదివే చిజుకో ఈ దారి పట్టింది. అందులో రాయి తీసిన చోటు ఈ కొండల్లోని 'నక్క వీపు' అని ఉంది, అంతే. ఆ పేరు ఏ సర్కారు పటంలోనూ లేదు.

కొండ కింది ఊరికి ఫోన్ చేస్తే ఎవరో ముసలావిడ ఎత్తింది. "నక్క వీపా? నీదే ఊరు? ఎవరి తాలూకు?" అని ఆరా తీసి, టక్కున పెట్టేసింది.

"ఐదింటికి జాబితా మూసేస్తారు మాస్టారూ. చోటు తేలకపోతే మీ వ్యాసం పక్కన 'సందేహాస్పదం' అని రాయమన్నారు డైరెక్టర్ సెరా గారు."

"ఏమిటట సందేహం?"

"మీరసలు ఆ కొండే ఎక్కలేదని."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "మిగతావాళ్లకి ఊరి పేరుతో సరిపెట్టారటగా. నాకు మాత్రం పది మీటర్లు కూడా తేడా రాకూడదా?"

"మీది పేరున్న వ్యాసమని. డైరెక్టర్ గారే చెప్పారు."

"చెప్తాడు, చెప్పకేం. ఈ చుక్క ఎవరెవరికి కనిపిస్తుంది?"

"లోకమంతటికీ."

"సెరాకి?"

"ముందు ఆయనకే."

"ఒక కిలోమీటరు ఇటు జరిపి పెట్టకూడదూ?"

చిజుకో మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. ఇన్నాళ్లూ తను పూజించిన మనిషి అబద్ధం రాశాడా? 'సందేహాస్పదం' అని తన చేతులతోనే టైపు కొట్టాలా?

"నాలుగున్నరైంది మాస్టారూ," అంది సన్నగా. "మీరు నిజంగా ఎక్కారా?"

మాస్టారు ఆమె ముఖం చూశారు. లేచి వెళ్లి తలుపు గడియ వేసి, కంప్యూటర్ తెర దగ్గరికొచ్చారు.

"కళ్లు మూసుకో."

"మూసుకుంటే చుక్కెలా పెట్టను?"

నిట్టూర్చి, వేలితో ఒక చోటు చూపించారు. చుక్క పడింది. వ్యాసంలో ఉన్న పాత ఛాయాచిత్రంలోని బండ, ఉపగ్రహ చిత్రంలోని బండ అచ్చుగుద్దినట్టు ఒకటే. చిజుకోకి ప్రాణం లేచొచ్చింది. గబగబా వెళ్లి డైరెక్టర్‌కి కబురు చెప్పి, రెండు కప్పుల టీతో తిరిగొచ్చింది.

"ఏడీ మీ సెరా?" అన్నారు మాస్టారు.

"అప్పుడే సెలవు పెట్టి వెళ్లిపోయారు. ఆ చోటు స్వయంగా సరిచూసుకుంటారట. చూశారా, మీ పనంటే ఎంత గౌరవమో."

"కాళ్లకేం వేసుకున్నాడు?"

"రబ్బరు బూట్లు."

"చేతిలో?"

"వెదురు బుట్ట. రాళ్లకేమో."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు.

"ముప్పై ఏళ్లుగా బంగారం ధర పలికే నా పుట్టగొడుగుల చోటు కోసం వెతుకుతున్నాడమ్మా వాడు."