సారు పేరు మీద

“ఒక్క కట్ట కూడా ఇంటికి దాచుకోలేదు కదా, సోమక్కా?”

“అయ్యో, లేదు మేడం. అన్నీ నీకే.”

సోమక్క గంపను బోర్లించి చూపించింది. శారద మేడం సంచుల్లోకి పాలకూర కట్టలు సర్దుకుంటోంది. హనుమకొండ రైతు బజారులో ఇంకా ఎండ కూడా పడలేదు, సోమక్క అమ్మకం అయిపోయింది. ఏడాదిగా ఇదే వరస.

“నీకేందే! మేం పొద్దుగూకేదాంక గొంతు చించుకోవాలె” అంది పక్కన టమాటాలు పోసుకున్న యాకమ్మ.

“నా మడి అసొంటిది. ఆకు జూడు, అరచెయ్యంత ఉన్నది. కుళ్ళుకో!”

ఆ మడి ఊరి బయట మురుగు కాలువ పక్కన ఉంది. ఎగువన పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు. ఆ కాలువ నీళ్ళ బలంతోనే ఆకు అలా నిగనిగలాడుతుందని సోమక్క నమ్మకం.

ఒకప్పుడు మేడం భర్త రాజేశ్వర్ రావు సారు వచ్చి రోజుకు రెండు కట్టలు తీసుకుపోయేవాడు. కిడ్నీలు చెడి ఆయన పోయాడు. నెల తిరగకముందే మేడం వచ్చింది. బేరం ఆడలేదు, గంపెడూ కొన్నది. సోమక్క ఉండబట్టలేక అడిగింది.

“సారు పేరు మీదనా, మేడం?”

“ఆయన పేరు మీదనే.”

దిక్కులేని పిల్లలకెవరికో పప్పు వండి పెడుతోందని సోమక్క అనుకుంది. పుణ్యకార్యం. అందుకే మనవరాలు కావ్య పాలకూర కోసం అలిగినా ఇంట్లో ఒక్క కట్ట ఉంచదు. కావ్యకని మేడమే చిక్కుడుకాయలు తెచ్చిస్తుంది.

మేడం ఇంకా సంచులు సర్దుకుంటుండగానే రమాకాంత్ వచ్చాడు. కూరగాయలు పరీక్షకు పంపే ఆఫీసరు. చేతిలో కాగితం ఉంది.

“సోమక్కా, ఇగ నువ్వు ఈడ పాలకూర అమ్ముడు బంద్. నీ మట్టిల సీసం, కాడ్మియం ఉన్నయ్. ఆకుకు ఎక్కినయ్. రోజూ తింటే కిడ్నీలు ఖరాబైతయ్, పిల్లల తెలివి తగ్గుతది. కాలువ పక్క ఆకుకూరలు వద్దని పోయినేడే మైకుల చెప్పినం గదా?”

తనూ, కావ్యా బతికేది ఈ గంప మీదే. అయినా సోమక్క బెదరలేదు. కొంగు నడుముకు దోపుకుని లేచింది.

“ఇరవై ఏండ్ల సంది అమ్ముతాన సారూ. ఒక్కలన్న వచ్చి నన్ను తిట్టిండ్రా?”

“కంటికి కనపడేది కాదక్కా అది.”

“నా మాట ఇనకు, ఈమె మాట ఇను. మేడం బడిల సైన్సు చెప్తది. నీ మైకు ఆమె ఇనలేదా? మంచీచెడ్డా ఎరుకలేకనే రోజూ గంపెడు కొంటాందా? జర చెప్పు మేడం!”

జనం మూగారు. యాకమ్మ కూడా తక్కెడ వదిలి వచ్చింది. రమాకాంత్ మేడం వైపు తిరిగాడు.

“నిజమేనా మేడం? రోజూ మొత్తం మీరే కొంటున్నరా?”

“నేనే.”

“ఎవరికి పెడుతున్నరు?”

శారద మేడం సోమక్క చేయి పట్టుకుంది.

“ఎవ్వరూ తినొద్దనే కొంటున్న.”