మెట్ల పక్కన తీసిన ఫొటో

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫొటో స్టూడియో. త్వరలో పెళ్లి కాబోతున్న శ్రీకళ, గజేందర్‌ల ముందు ఫొటోగ్రాఫర్ తను తీసిన వేరే పెళ్లిళ్ల ఆల్బమ్‌లు రెండు నమూనాగా పెట్టి, టీ చెప్పొస్తానని బయటికి వెళ్లాడు.

ఒకదాంట్లో బంధువులంతా స్టేజీ మీద వరుసగా నిలబడి కెమెరా వైపే చూస్తున్నారు. రెండోది క్యాండిడ్. అందులో తమను ఫొటో తీస్తున్నట్టు ఎవరికీ తెలియదు. శ్రీకళకు అదే నచ్చింది.

పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగిపోయింది. ఫంక్షన్ హాల్ మెట్ల పక్కన, ఎవరో పెళ్లికూతురి చేతులు పట్టుకొని ఏడుస్తున్నాడు గజేందర్.

"ఎవరీమె?"

"నాకేం ఎరుక? అది నేను కాదు," అంటూ అతను ఆల్బమ్ మూయబోయాడు.

శ్రీకళ చెయ్యి అడ్డం పెట్టింది. "మిమ్మల్ని గుర్తుపట్టనా? ప్రేమించిన పిల్లనా? నిజం చెప్పండి. లేకుంటే ఈ పెళ్లి వద్దని ఇప్పుడే మా నాయనకు చెప్త."

గజేందర్ తల వంచుకున్నాడు.

"మా చెల్లె. వేరే కులం పిలగాన్ని చేసుకున్నది. మాకు బిడ్డనే లేదని బాపు మీ ఇంట్ల చెప్పిండు. పెండ్లికి నేనొక్కన్నే దొంగలెక్క పోయిన. నన్నెవరు చూడలేదనుకున్న."

శ్రీకళ ఆ ఫొటోను మళ్లీ చూసింది. ఇద్దరి ముక్కూ ఒకేలా ఉంది. ఇందాక అది కనిపించనే లేదు.

ఫొటోగ్రాఫర్ లోపలికి వచ్చాడు. "ఏది ఫైనల్ చేసిండ్రు మేడమ్?"

"స్టేజీ మీద అందరిని నిలబెట్టి తీసేదే," అంది శ్రీకళ. "నా పక్కన మా ఆడబిడ్డ నిలబడుతది."