భవానీపురంలో ఒక లివర్

“ఇంతకీ రోజుకి ఎంత పట్టించేవాడివయ్యా?” అన్నాడు ఎదురింటి వెంకటకృష్ణారావు, వరండాలో కుర్చీ లాక్కుంటూ.

రత్తయ్య తల వంచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీ కండక్టరుగా చేసి, రిటైరై భవానీపురంలో స్థిరపడినవాడు. నోరున్న మనిషే. ఈ మధ్య మాత్రం ఎవరేమడిగినా తల ఊపుతున్నాడు.

“క్వార్టరా, హాఫా?”

“అటూ ఇటూగానండి.”

“ఏ బ్రాండు?”

రత్తయ్య కాసేపు ఆలోచించాడు. “మీరు తాగేదేనండి.”

వెంకటకృష్ణారావు నోట్లో వక్కపొడి వేసుకుని మాట మార్చాడు.

సంగతేమిటంటే, రత్తయ్య దంపతులు లివర్ డాక్టరు దగ్గర కూర్చుని ఉండగా ఎవరో చూశారు. ఫైలు మీద సిరోసిస్ అన్న మాట కూడా చదివారు. ఆ వీధిలో అందరూ సగం డాక్టర్లే. సిరోసిస్ అంటే తాగుడు, వేరే పరీక్ష అక్కర్లేదు. సాయంత్రానికల్లా రత్తయ్య తాగుబోతు అయిపోయాడు.

అందరూ ఆయన భార్య సంపూర్ణమ్మ మీద జాలిపడ్డారు. ఆవిడ చిక్కి సగమైంది. కాళ్ళు వాచాయి. పట్టపగలే కునికిపాట్లు. ఒకరోజు చుట్టానికి కాఫీలో పంచదార బదులు ఉప్పు వేసిచ్చింది.

“మొగుడి దిగులుతో మతి పోయింది” అని తేల్చేసింది పక్కింటి మార్త. నేలఉసిరి పసరు చెంబెడు తెచ్చి రత్తయ్యని తాగమంది. ఆవిడ అటు వెళ్ళగానే రత్తయ్య దాన్ని జామమొక్కకి పోశాడు. మొక్క బతికే ఉంది.

డాక్టర్ సాయిశ్రీ మాత్రం తాగుడు ఊసే ఎత్తలేదు.

“పేగుల్లో కోట్లకొద్దీ బాక్టీరియా ఉంటాయండీ. మంచివి తగ్గితే పేగు గోడ జల్లెడవుతుంది. చెడ్డవీ, వాటి విషమూ సరాసరి లివర్‌కి పోతాయి. ఒంట్లో ఇమ్యూనిటీ వాటి మీద విరుచుకుపడుతుంది. ఆ కొట్లాటలో లివర్ ఇంకా పాడవుతుంది.”

“మందులతో ఎన్నాళ్ళండీ?” అన్నాడు రత్తయ్య.

“ఇలాగే ఉంటే ఏడాది కష్టం. ఒక దారుంది. ఇంకా పరిశోధనలో ఉన్నదే, గ్యారంటీ ఇవ్వలేను. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలంలోంచి మంచి బాక్టీరియా తీసి, పేషెంటు పేగుల్లోకి ఎక్కిస్తాం.”

సంపూర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎక్కించెయ్యండమ్మా” అన్నాడు రత్తయ్య. “ప్రాణం కంటే కంపు ఎక్కువేం కాదు.”

ఈ కబురు తెలిశాక వరండాలో కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఎవరిది అడుగుతాడోనని జనం రత్తయ్యని చూసి సందు మారిపోయారు. వెంకటకృష్ణారావు గేటు అవతల నుంచే చెప్పేశాడు.

“నాది మాత్రం ఇవ్వను రత్తయ్యా. ఏమీ అనుకోకు.”

“మీది పనికిరాదు లెండి.”

వెంకటకృష్ణారావు నొచ్చుకున్నాడు. ఇవ్వకపోవడం వేరు, పనికిరాదనిపించుకోవడం వేరు.

డాక్టరు చెప్పినట్టే రత్తయ్య నెల రోజులు నిష్ఠగా ఉన్నాడు. సాయంత్రం పునుగులు బంద్. తుమ్మినప్పుడల్లా మెడికల్ షాపుకెళ్ళి రెండు యాంటీబయాటిక్ బిళ్ళలు మింగే అలవాటూ బంద్. పెరుగన్నం, ఆకుకూర, పొద్దున్నే కృష్ణ ఒడ్డున నడక. రక్తం, మూత్రం, మలం అన్నీ పరీక్షకిచ్చాడు. మనిషి నిగనిగలాడాడు. సంపూర్ణమ్మ మాత్రం మంచం దిగలేదు.

“ఈయన చేసిన పాపం ఆవిడకి కొట్టింది” అంది మార్త, వినపడేలాగే. ఆ పూట రత్తయ్య అన్నం తినలేకపోయాడు.

“అన్నన్ని మాటలు ఎందుకు పడతారండీ?” అంది సంపూర్ణమ్మ నీరసంగా.

“నాకలవాటేగా. ముప్ఫై ఏళ్ళు చిల్లర లేదని తిట్లు తిన్నాను.”

అనుకున్న రోజు రానే వచ్చింది. ఆస్పత్రిలో రత్తయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. భయంతో చొక్కా తడిసిపోయింది. భార్య చెయ్యి వదలడం లేదు.

“పరీక్షలన్నీ పాసైనట్టే బాబాయ్‌గారూ, ఇంక మొదలుపెడదాం” అంది నర్సు ఏంజెల్. రత్తయ్యకి ఏడుపొచ్చింది.

ఏంజెల్ ఫారంలో ‘దాత: రత్తయ్య, మద్యం: జీవితంలో ముట్టలేదు’ అని రాసుకుని, ‘పేషెంటు’ అన్నచోట సంపూర్ణమ్మ చేత సంతకం పెట్టించింది.